నీళ్ళ పెద్దాయన

చిన్నాయన పోయి ఏడాదైన తద్దినం నాడు, వచ్చినవాళ్ళు తిని వెళ్ళిపోయాక, పిన్నమ్మ పెరట్లో గిన్నెల ముందు కూర్చుని నన్ను పిలిచింది. కొళాయి కట్టేసింది. చేతులు కొంగుకు తుడుచుకుంది. పెద్ద గిన్నెలు అటక మీద పెట్టమంటుందనుకున్నాను.

"హరీ, మీ చిన్నాయన గొంతు యాడన్నా ఉందారా?" అంది.

"గొంతా?" అన్నాను.

"ఫోటో ఉంది. సొక్కాలుండాయి. సైకిలుంది. గొంతే లేదు. మొన్న మొన్నటి దాకా చెవులో ఉన్నట్టే ఉన్నింది. ఇప్పుడు తెచ్చుకుందామంటే మొకం వస్తా ఉంది, గొంతు రాలే. మరిచిపోతా ఉండానేమోరా."

ఏడవలేదు. ఎక్కడో పెట్టి మరిచిపోయిన వస్తువు గురించి అడిగినట్టే అడిగింది. "నీకీ మిషన్లన్నీ తెలుసు కదా, ఊరికే సుమ్మా వెతికి చూడు" అని మళ్ళీ కొళాయి తిప్పింది.

చెన్నైలో నేను చేసేది సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించే ఉద్యోగం. ఏ తప్పు ఎక్కడుందో వెతకాలంటే, ముందు ఉండగల చోట్లన్నీ రాసుకుని ఒక్కొక్కటీ కొట్టేస్తూ పోవడం నాకు అలవాటైపోయింది. ఇక్కడా అదే చేశాను. చిన్నాయన ఫోను: బటన్ల ఫోను, అందులో ఏ గొంతూ దాచుకునే వీలు లేదు. మా అక్క పెళ్ళి వీడియో: అందులో చిన్నాయన వంటవాళ్ళ పక్కన నిలబడి ఏదో చెప్పి నవ్విస్తుంటాడు, పెదాలు కదలడం కూడా బాగా కనిపిస్తుంది. కానీ స్టూడియోవాళ్ళు మనుషుల మాటలన్నీ తీసేసి మొదటి నుంచి చివరిదాకా సినిమా పాటలు పెట్టారు. బంధువుల ఫోన్లు: ఫోన్లో మాట్లాడటమంటే ఆయనకు మొహమాటం, ఎవరు చేసినా "ఆ, బాగుండాం, ఇదో ఈమెతో మాట్లాడు" అని పిన్నమ్మ చేతికిచ్చేసేవాడు. వరసగా కొట్టేశాక ఒక్క చోటు మిగిలింది. నిజానికి ఆ చోటు ఆమె అడిగిన క్షణంలోనే నాకు గుర్తొచ్చింది. గుర్తొచ్చింది కాబట్టే దాన్ని చివర రాసుకున్నాను.

కాలేజీ చివరి ఏడాది నేనూ నా క్లాసు స్నేహితుడు దామూ కలిసి ఒక కంప్యూటర్ ఆట తయారుచేశాం. అందులో చిన్నాయన గొంతు ఉంది. గాలి చప్పుడు కూడా లేకుండా స్పష్టంగా ఉంది. కానీ ఆ ఆటలో ఆ గొంతు అందరికంటే దుర్మార్గుడైన మనిషిది. అంతేకాదు, "మీ పిన్నమ్మకు మాత్రం చెప్పొద్దురా" అని చిన్నాయన నా దగ్గర మాట తీసుకున్నాడు.

*

అమ్మానాన్నలది బాహూరు, చెరువు కింద వరి సేద్యం. హైస్కూలు చదువు కోసం నన్ను రెడ్డియార్‌పాళయంలో చిన్నాయన ఇంట్లో ఉంచారు, కాలేజీ అయ్యేదాకా అక్కడే ఉన్నాను. వాళ్ళకు పిల్లలు లేరు. వెళ్ళినప్పుడు నాకు ఆ ఇంటి స్విచ్చులు అందేవి కావు, వచ్చేసేనాటికి గడప దగ్గర తల వంచాల్సి వచ్చేది. ముందు ఒక అరుగు, రెండు గదులు, వెనక పెరడు. ఆ ఇంట్లో పొద్దు ఎంతైందో వాసనను బట్టి తెలిసేది. వాకిట్లో నీళ్ళు చల్లిన మట్టి వాసన వస్తే పాలు వచ్చినట్టు. కాఫీ వాసన మీద ఇంజను నూనె, నూలు దుమ్ము కలిసిన వాసన వస్తే చిన్నాయన మిల్లు నుంచి వచ్చి చొక్కా విప్పి చిలక్కొయ్యకు తగిలించినట్టు. చింతపండు పులుసు, మా మాటలో కొళంబు, మరిగే వాసన వస్తే నేను పుస్తకాలు మూసేసి ఆయన స్నానం చేసి వచ్చేదాకా కంచాల ముందు కూర్చోవచ్చు. ఆయన రాకుండా పిన్నమ్మ వడ్డించేది కాదు. ఆయన వచ్చాక, ముందు ఆమెను "నువ్వు తిన్నావా?" అని అడిగేవాడు. తినలేదని ఆయనకు తెలుసు, ఆయనకు తెలుసని ఆమెకు తెలుసు. అయినా రోజూ అడిగేవాడు, రోజూ ఆమె "ఇంకా లే, కూర్చో" అనేది. భార్యను ఆయన పేరు పెట్టి పిలవగా నేను వినలేదు. "ఇదో" అనేవాడు, అంతే.

చిన్నాయన మిల్లులో నూలు వడికే విభాగంలో పనిచేసేవాడు. అక్కడ యంత్రాలు తిరుగుతున్నప్పుడు అరిచినా వినపడదట. అందుకని మనిషి దగ్గరికి వంగి, చెవి పక్కన, ఒక్కో మాట విడివిడిగా, గొంతు పెంచకుండా చెప్పాలి. ఏళ్ళ తరబడి అలా మాట్లాడి అదే ఆయన మాటతీరు అయిపోయింది. మిల్లు మూతపడ్డాక, నిశ్శబ్దంగా ఉన్న ఇంట్లో కూడా, రసం కావాలా అని అడగడానికి మన మీదికి వంగేవాడు. గొంతులో దుమ్ము పట్టిన బొంగురు. దగ్గు రాబోతే మాట మధ్యలో ఒక్క క్షణం ఆగి, మింగి, మళ్ళీ అక్కణ్ణుంచే అందుకునేవాడు. చిన్నప్పుడు నాకు పెద్దవాళ్ళందరూ ఇలాగే మాట్లాడతారేమో అనిపించేది.

ఆయనకు ఇంకో పట్టింపు ఉండేది. చెడ్డ మాట నోట్లోంచి రాకూడదు. ఇది మా ఇళ్ళల్లో అందరికీ కొంత ఉన్నదే. బియ్యం అయిపోయాయని అనం, నిండుకున్నాయంటాం. దీపం ఆరిందని అనం, కొండెక్కిందంటాం. బయటికి వెళ్తూ పోతానని అనం, పోయొస్తానంటాం. పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారని, మనం అన్నదానికి వాళ్ళు సరే అనేస్తారని భయం. చిన్నాయన మాత్రం దీన్ని మరీ దూరం తీసుకెళ్ళాడు. తిట్టాల్సి వచ్చినా దీవించే తిట్టేవాడు. ఒకసారి విల్లియనూరు రోడ్డు మీద ఒక కుర్రాడు మోటార్‌సైకిలుతో వచ్చి మమ్మల్ని సైకిలు మీంచి పడేశాడు. మోచెయ్యి గీరుకుపోయి రక్తం కారుతుంటే చిన్నాయన లేచి, వాడి దగ్గరికి వంగి, "నువ్వు నూరేండ్లు బతకా, కండ్లు యాడ పెట్టుకోని వస్తా ఉండావు?" అన్నాడు. ఆ కుర్రాడు తిట్టు తిన్నానో దీవెన తీసుకున్నానో తెలియక చేతులు జోడించాడు. ఇంటికొచ్చాక పిన్నమ్మ ఆ మోచేతికి పసుపు అద్దుతూ, "వాణ్ణి నాలుగు తిట్టాల్సింది" అంటే, "తిట్టినా కదా" అన్నాడు.

*

దామూది విల్లియనూరు. వాళ్ళ నాన్నకు అక్కడ కిరాణా కొట్టు. వాళ్ళింట్లోనూ మాలాగే తెలుగు మాట్లాడతారు, మాలాగే ఎవరికీ తెలుగు చదవడం రాదు, అందరం తమిళ బడిలో చదివినవాళ్ళమే. మేమిద్దరం కాలేజీ ప్రాజెక్టుగా చేసిన ఆట పేరు "ఉప్పు తర్వాత". సముద్రం ఊళ్ళ మీదికి వచ్చి, వెనక్కి పోయింది. పోతూ ఉప్పు వదిలిపోయింది. బావులన్నీ ఉప్పు, పొలాలన్నీ తెల్లగా ఉప్పు. మిగిలిన కొద్దిమంది మనుషుల్లో ఆట ఆడేవాళ్ళు ఒకరు. తోడుగా ఇంకొకరుంటారు. వాళ్ళిద్దరూ నడుస్తూ, దొరికింది ఏరుకుంటూ, ఎదురైన మనుషులతో మాట్లాడుతూ మంచినీళ్ళు వెతుక్కుంటూ పోవాలి. ఎవరైనా ఏదైనా అడిగితే తెర మీద కొన్ని జవాబులు కనిపిస్తాయి, ఒకటి నొక్కాలి. ఏది నొక్కితే కథ అటు తిరుగుతుంది. ఆ లోకంలో మంచినీళ్ళు ఒకే ఒక ట్యాంకులో ఉన్నాయి. ఆ ట్యాంకు కింద కుర్చీ వేసుకుని కూర్చున్న ముసలివాడు నీళ్ళ పెద్దాయన. వాడే విలన్.

అతనికి మేం రాసిన మాటలు ఇప్పుడు చదివితే సిగ్గేస్తుంది. "నీళ్ళు కావాలంటే మోకాళ్ళ మీద పడు" లాంటివి. "నీ మనిషి ఎండి చస్తే నాకేంది" లాంటివి. మా క్లాసువాళ్ళ చేత చెప్పించి చూశాం, పిల్లలు పెద్దవాళ్ళ చెప్పులు వేసుకుని నడిచినట్టు ఉంది. ఒక ఆదివారం దామూ మా ఇంటికి భోజనానికి వచ్చాడు. చిన్నాయన రసం గిన్నె పట్టుకుని వాడి చెవి దగ్గరికి వంగి, "ఇంకొంచెం పోసుకో. మొకమాటం పడొద్దు. ఈడ నిన్ను చూసేవాళ్ళు ఎవురూ లేరు" అన్నాడు. దామూ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఆయన వంటింట్లోకి వెళ్ళగానే నా మోకాలు గిల్లి, "రేయ్, ఒళ్ళు జలదరించింది. ఈయనేరా మన పెద్దాయన" అన్నాడు.

ఆదివారం మధ్యాహ్నాలు రికార్డింగు పెట్టుకున్నాం. లోపలి గదిలో తాడు కట్టి బొంతలు, దుప్పట్లు వేలాడదీసి, ఫ్యాను ఆపి, ఆ గుడారంలో చిన్నాయనను స్టూలు మీద కూర్చోబెట్టేవాళ్ళం. కుక్కరు ఈల, గిన్నెల చప్పుడు పడతాయని పిన్నమ్మను విల్లియనూరులో వాళ్ళక్క ఇంటికి పంపేసేవాళ్ళం. "ఏందిరా, ఏం వేషం కట్టిస్తా ఉండారు ఈయనకి?" అని అడిగితే చిన్నాయనే, "కంప్యూటరు ఆటలో తాత వేషం" అని చెప్పాడు. ఆమె నవ్వి, "వేషం ఎందుకు, సుమ్మా కూర్చుంటే చాలదా" అంటూ బస్సుకు బయల్దేరింది.

మొదటిరోజే చిక్కొచ్చింది. ఆయనకు తెలుగు మాటల్ని, మాకొచ్చిన తమిళ అక్షరాల్లోనే రాసిచ్చాం. ఆయన కాగితం దూరంగా పట్టుకుని పెదాలు కదుపుతూ మొత్తం చదివాడు. మడిచి తొడ మీద పెట్టుకున్నాడు.

"ఇది నేను చెప్పలేనురా."

"సుమ్మా ఆట కదా చిన్నాయనా. నిజం కాదు."

"ఆటైనా నోరు నాదే కదా."

దామూకు చెమటలు కారుతున్నాయి. "అట్లయితే ఎట్ల చిన్నాయనా? వాడు విలన్. విలన్ చెడ్డగా మాట్లాడకుంటే ఇంకెవురు మాట్లాడతారు?"

"చెడ్డోడు చెడ్డగా మాట్లాడతాడని నీకెవురు చెప్పినారు తంబీ?" అని ఆయన బొంత అంచుతో మొహం తుడుచుకున్నాడు. "మిల్లులో పనోళ్ళని తీసేస్తామన్నప్పుడు ఒకాయన వచ్చినాడు. ఎంత మర్యాద. ఒక్కొక్కరినీ లోపలికి పిలిచి కుర్చీ వేసినాడు. కాఫీ ఇచ్చినాడు. తిన్నావా అన్నాడు. ఇంట్లో ఎంతమంది అన్నాడు. ఎవురికన్నా ఒళ్ళు బాగలేదా అన్నాడు. పావం, మేం ఉండేది ఉన్నట్టు చెప్పేసినాం. తర్వాత దాన్ని పెట్టుకొనే ఎవురు ఉండాల, ఎవురు పోయిరావాల అని రాసినాడు. ఆయన నోట్లోంచి ఒక్క చెడ్డమాట రాలే."

దామూ మేం రాసిన కాగితాల్ని తీసుకుని వెనకవైపు తిప్పాడు.

మా విలన్ అక్కడ పుట్టాడు. వచ్చినవాళ్ళకు ముందు నీళ్ళిస్తాడు. తిన్నావా అని అడుగుతాడు. నిదానంగా కుశలం అడుగుతూ పోతాడు. ఆడేవాళ్ళు నిజం చెప్పిన కొద్దీ అదంతా లోపల జమ అవుతూ ఉంటుంది. ఇంట్లో ఇద్దరమని చెప్పారా, ఒకరిని తన దగ్గర ఉంచేయమంటాడు. అలా ఉండిపోయినవాళ్ళు ఆటలో మళ్ళీ కనిపించరు. చిన్నాయన ఒప్పుకోని మాటలన్నీ పోగా మిగిలినవి ఆయన మా ఇంట్లో రోజూ మాట్లాడే మాటలే. వాటిని ఒక్కొక్క వాక్యం ఒక్కొక్క ఫైలుగా దాచాం. ఆడేవాళ్ళు ఆడవాళ్ళైనా మగవాళ్ళైనా అదే ఫైలు పనికి రావాలని అమ్మా, నాయనా లాంటి పిలుపులన్నీ తీసేయించాం. ఒట్టి 'నువ్వు' అనే పిలుపే మిగిలింది. తర్వాత నేను ప్రతి ఫైలు ముందూ వెనకా కత్తిరించి, దగ్గులు తీసేసి, శుభ్రం చేశాను. అది ఆ పనిలో అందరూ చేసేదే. మాట మధ్యలో దగ్గును మింగిన ఆ ఒక్క క్షణం మాత్రం తీస్తే మాట తెగుతుంది. అందుకని వదిలేశాను.

కాలేజీలో ఆటను చూపించిన రోజు మా సారు తెర చూసి, "అక్షరాలు తమిళం, మాట తమిళం కాదు. ఏం భాషయ్యా ఇది?" అన్నాడు. "మా ఇంటి భాష సార్" అన్నాడు దామూ. కానీ ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళకు ఆ అక్షరాలు అడ్డం రాలేదు. తెలుగు ఇంటి అమ్మాయి ఒకతె పెద్దాయన దగ్గర అన్నీ నిజాలు చెప్పి, తన తోడును పోగొట్టుకుని, హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టేసింది. "అంత ప్రేమగా అడిగితే ఎట్ల అబద్ధం చెప్పేది?" అని మా మీద కోపంగా వెళ్ళిపోయింది. మాకు అది బహుమతిలా అనిపించింది. ఒకరినొకరు భుజాలు చరుచుకున్నాం.

చిన్నాయన సైకిలు మీద వచ్చి ఎప్పటి నుంచో వెనక నిలబడి చూస్తున్నాడు. తిరిగి వెళ్ళేటప్పుడు సైకిలు నడిపించుకుంటూ నాతో అన్నాడు.

"ఆ పెద్దాయన దగ్గరికి వచ్చినోళ్ళు ఇద్దరూ కలిసి ఎనక్కి పోయేదే లేదా?"

"అబద్ధం చెప్తే పోవచ్చు చిన్నాయనా."

"నిజం చెప్తే?"

"ఒకరు ఉండిపోవాల."

కొంత దూరం నడిచాడు. "మీ పిన్నమ్మకు మాత్రం చెప్పొద్దురా. తాత వేషమనే అనుకోనీ. నేను ఒకరి మనిషిని ఉంచేసుకుంటానంటే ఆమె తట్టుకోలేదు" అన్నాడు. చెప్పనన్నాను.

*

నూలు దుమ్ము ఊపిరితిత్తుల్లోనే ఉండిపోయింది. చివరి నెలల్లో చిన్నాయనకు గొంతు ముందు పోయింది. మొదట వాక్యాలు చిన్నవయ్యాయి, తర్వాత మాటలు సగమయ్యాయి, తర్వాత ఒట్టి గాలి. నేను సెలవు పెట్టి వెళ్ళినప్పుడు పిన్నమ్మ మంచం పక్కన కంచం పెట్టుకుని ఉంటే, ఆయన కళ్ళతోనే ఆమెను అడిగేవాడు. ఆమె "తింటా, తింటా" అనేది. ఆమె చెవిలో మిగిలింది ఆ ఒట్టి గాలి చప్పుడే అయ్యుండాలి. అది ముందున్న గొంతునంతా చెరిపేసిందేమో.

దామూ ఇప్పుడు బెంగళూరులో ఆటలు తయారుచేసే కంపెనీలో ఉన్నాడు. పిన్నమ్మ అడిగిన సంగతి ఫోన్లో చెబితే వాడు మళ్ళీ మొదటి నుంచి చెప్పించుకున్నాడు. తర్వాత, "ఆ ఫైళ్ళు నాకు పంపురా. ఇప్పుడు అంత గొంతుంటే చాలు, మిషన్ ఆయన చేత ఏమైనా చెప్పిస్తుంది. ఆమెకు నచ్చే మాటలు చెప్పిద్దాం. విలన్ సంగతే ఆమెకు తెలీదు" అన్నాడు. పంపాను. సాయంత్రానికి ఒక ఫైలు తిరిగొచ్చింది. విన్నాను. "కమలా, తిన్నావా? బాగుండావా?" చిన్నాయన గొంతే. బొంగురుతో సహా ఆయనదే. కానీ మాట ఎక్కడా ఆగలేదు, మింగలేదు, నున్నగా జారిపోయింది. ఆయన ఎన్నడూ పలకని పిన్నమ్మ పేరు పలికింది. ఆ నాడు ఒక మధ్యాహ్నమంతా ఫ్యాను లేకుండా చెమటలు కక్కి, పిడికెడు వాక్యాలు సంపాదించేవాళ్ళం, అందులో సగం ఆయన వద్దంటే పారేసేవాళ్ళం. ఇప్పుడు క్షణంలో ఏ వాక్యమైనా వస్తుంది, వద్దనడానికి మనిషి ఉండడు. మేం మొదట రాసిన ఆ మోకాళ్ళ మాట, ఆ చచ్చే మాట కూడా ఈ గొంతుతో ఇప్పుడు పలికించవచ్చునని తోచింది. వెంటనే ఫైలు తీసేశాను. దామూను కూడా తీసేయమన్నాను. వాడు కారణం అడగలేదు.

*

ఆదివారం పొద్దున ల్యాప్‌టాప్ తీసుకుని రెడ్డియార్‌పాళయం వెళ్ళాను. బస్సులో కూర్చుని, కుశలం అడిగే ఫైళ్ళు మాత్రం విడిగా వినిపిద్దామా, ఆట సంగతి దాచేద్దామా అని ఆలోచించాను. పిన్నమ్మ అడిగితే అబద్ధం చెప్పడం నాకెప్పుడూ చేతకాలేదు.

"గొంతు దొరికింది పిన్నమ్మా. కానీ అది ఆటలో గొంతు. ఆ ఆటలో చిన్నాయన మంచోడు కాదు. నీకు చెప్పొద్దన్నాడు."

ఆమె చాట పక్కన పెట్టింది. "మంచోడు కాదంటే?"

"ఒక మనిషికి నీళ్ళిచ్చి ఇంకో మనిషిని ఉంచేసుకుంటాడు."

"ఆయనా?" అని నవ్వింది. నవ్వు సగంలో ఆగింది. "సరేలే. గొంతు ఆయన్దే కదా. పెట్టు."

ల్యాప్‌టాప్‌ను బియ్యం డబ్బా మీద పెట్టాను. ఆట మొదటి నుంచి ఆడితే చాలాసేపు పడుతుందని నేరుగా ట్యాంకు దగ్గరికి తెచ్చాను. తెల్లటి నేల, ట్యాంకు, కింద కుర్చీ. కుర్చీలో మేం గీసిన ముసలివాడికి చిన్నాయన పోలికలేమీ లేవు. పిన్నమ్మ కొంగు సర్దుకుని, కాళ్ళు మడుచుకుని, తెరకు దగ్గరగా జరిగింది.

"దా. కూర్చో," అంది గొంతు. "తిన్నావా?"

పిన్నమ్మ చెయ్యి నోటి మీదికి వెళ్ళింది. అలాగే ఉండిపోయింది. తెర మీద జవాబులు కనిపించాయి. ఏది నొక్కమంటావని అడగబోయాను.

"తినినా," అంది ఆమె, నాతో కాదు. "నిన్నటి కొళంబు ఉన్నింది."

మొదటి జవాబు నొక్కాను.

"ముందు నీళ్ళు తాగు. ఎండలో... వచ్చినావు. ఒళ్ళు బాగుందా?" మాట మధ్యలో ఆగి, మింగి, అందుకున్నాడు. ఆ ఆగిన చోట పిన్నమ్మ కళ్ళు మూసుకుంది.

"మోకాళ్ళే నొప్పి. బాగుండా" అంది.

దానికీ దగ్గరగా ఉన్న జవాబు నొక్కాను. తర్వాత ఏ ప్రశ్న వస్తుందో నాకు తెలుసు. ఆపేద్దామని చెయ్యి ముందుకు చాచాను గానీ, ఆమె నా మణికట్టు పట్టుకుంది.

"ఇంట్లో ఎంతమంది?"

"ఇద్దరం" అంది పిన్నమ్మ.

"పిన్నమ్మా, ఇక్కడ ఒక్కరే అని చెప్పాల. ఇద్దరమంటే..."

"ఇద్దరమేరా. నొక్కు."

నొక్కాను.

"ఇద్దరా. మంచిది. నీళ్ళు ఒకరికి నిండుగా ఉండాయి. ఇంకొకరు నా దగ్గర ఉండనీ. ఎవురో నువ్వే చెప్పు."

తెర మీద జవాబులు వచ్చాయి. పిన్నమ్మ వేలు పెట్టి, తమిళ అక్షరాలు కూడబలుక్కుంటూ ఒక్కొక్కటే చదివింది. నా తోడును ఉంచుకో. మాకు నీళ్ళొద్దు, ఇద్దరం వెళ్ళిపోతాం. నీతో పోట్లాడతాను. వేలు కిందికి జరిపింది. కింద ఇంకేమీ లేదు. మళ్ళీ పై నుంచి చదివింది.

"నన్ను పెట్టుకో, ఆయన్ని పంపించు అని యాడుంది?"

"అట్ల లేదు పిన్నమ్మా."

"ఎందుకు లేదు?"

ఆ చోట మనిషి ఏమేం అనగలడో నేనూ దామూ కాలేజీ గోడకు కాగితాలు అంటించి రాసుకున్నాం. దామూ తోచినవన్నీ చెప్పేవాడు, నేను వరసలో పెట్టేవాణ్ణి. ఏదీ వదల్లేదని గర్వంగా ఉండేది. ఆడేవాళ్ళు ముందుకు పోవాలి, నీళ్ళు తెచ్చుకోవాలి, బతకాలి. ఆట అంటే అదే అనుకున్నాం. ఎవరైనా ఇక్కడ తామే ఉండిపోతామంటారని మా ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు.

"అట్ల ఎవురూ అడగరనుకున్నాం" అన్నాను.

ఆమె వేలు ఇంకా తెర మీదే ఉంది. నేనూ ఏదీ నొక్కలేదు. పెరట్లో కాకి అరిచింది, పక్కింటి మిక్సీ తిరిగి ఆగిపోయింది.

"తొందర్లేదు," అంది గొంతు ఉన్నట్టుండి. "నేను ఈడనే ఉంటా."

నేనే ఉలిక్కిపడ్డాను. ఆడేవాళ్ళు చాలాసేపు ఏమీ నొక్కకపోతే ఆట ఆగిపోయిందనుకుంటారని, కాసేపటికొకసారి వినపడేలా ఇలాంటి మాటలు పెడతారు. దామూ పెట్టినట్టున్నాడు, నేను పూర్తిగా మరిచిపోయాను. పిన్నమ్మ నా వైపు తిరిగింది. తద్దినం నాటి నుంచి, ఆ మాటకొస్తే అంతకు చాలా ముందు నుంచి, ఆ మొహంలో నేను చూడనిదేదో కనిపించింది.

"మళ్ళా చెప్తాడా?"

"ఏమీ నొక్కకుంటే చెప్తానే ఉంటాడు."

"అయితే నువ్వేమీ నొక్కొద్దు."

ఛార్జరు తెచ్చి గోడకు పెట్టాను. తెర తనంతట తాను మసకబారి ఆరిపోకుండా సెట్టింగు మార్చాను. మధ్యాహ్నం ఆమె అక్కడే కూర్చుని ఆకుకూర తుంచింది, అక్కడే తిన్నది. నాకు కంచం పెట్టి, తనకూ అక్కడే పెట్టుకుంది. ల్యాప్‌టాప్ వదిలేసి వెళ్తున్నానని, మూత వేయొద్దని, తీగ లాగొద్దని చెప్పాను. వింటున్నదో లేదో తెలియలేదు. చెన్నై బస్సుకు వేళయింది. చెప్పులు వేసుకుని, గడప దగ్గర తల వంచి, వెళ్ళొస్తానని చెప్పడానికి నోరు తెరిచాను. ఆమె తెర మీంచి చూపు తిప్పకుండానే చెయ్యెత్తి ఆగమంది. ఆయన మాట్లాడే వేళైంది.